ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి జీవ నమూనాల తయారీ: ల్యాబ్‌లో నేర్చుకునేవారికి, నేర్పేవారికి సమగ్ర మార్గదర్శి

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారంతా ఇంచుమించు ఒకే ప్రశ్న అడుగుతారు: "ప్రోటోకాల్‌లో ఉన్నది ఉన్నట్టు చేశాను, అయినా చిత్రం బాగా రాలేదు. తప్పెక్కడ జరిగింది?" నేర్పేవారిదీ ఒకటే ప్రశ్న: "ఎన్నిసార్లు చూపించినా మళ్ళీ అదే తప్పు చేస్తున్నారు. ఎలా నేర్పాలి?"

రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. ఈ పనిలో తప్పు జరిగిన రోజు వేరు, అది కంటపడే రోజు వేరు. సోమవారం బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) కలపడంలో జరిగిన పొరపాటు, వారం గడిచాక గానీ తెర మీదికి రాదు. ఈలోగా ఎవరు ఎంత కలిపారో, ఎంతసేపు ఉంచారో ఎవరికీ గుర్తుండదు.

అందుకని నేను సూచించే శిక్షణ వెనక నుంచి ముందుకు నడుస్తుంది. మొదట మైక్రోస్కోప్ దగ్గర కూర్చుని చూడటం, తర్వాత గ్రిడ్ స్టెయినింగ్ (సెక్షన్లను మోసే చిన్న లోహపు జల్లెడే గ్రిడ్, దాని మీదున్న సెక్షన్లకు కాంట్రాస్ట్ తెప్పించడం), తర్వాత సెక్షన్లు, అంటే అతి పలుచని పొరలు కోయడం, తర్వాత కణజాలంలోకి రెసిన్ పట్టించి గట్టిపరచడం, అన్నిటికంటే చివర ఫిక్సేషన్, అంటే కణజాలాన్ని రసాయనాలతో ఉన్నదున్నట్టు బిగించడం. ప్రతి మెట్టులోనూ, నమూనా తయారీలో దానికి ముందు జరగాల్సిన పని అప్పటికే అనుభవజ్ఞులు బాగా చేసిపెట్టి ఉంటారు కాబట్టి, చిత్రం చెడితే తప్పు ఈ మెట్టులోనే ఉందని ఖాయంగా తెలుస్తుంది. అన్నీ ఒకేసారి మొదటి నుంచి మొదలుపెడితే ఆ సౌకర్యం ఉండదు.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా రెసిన్‌లో పొదిగిన కణజాలాన్ని టీఈఎంలో (ఎలక్ట్రాన్లు నమూనా గుండా దూసుకెళ్ళే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూసే పద్ధతి గురించి. నెగటివ్ స్టెయినింగ్ (రేణువుల చుట్టూ ఉన్న నేపథ్యాన్ని నల్లబరిచే పద్ధతి), ఎస్ఈఎం (ఉపరితలాన్ని చూపే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) గురించి 7వ భాగంలో క్లుప్తంగా ఉంది.

1. మొదలుపెట్టే ముందు

శిక్షణకు అన్నిటికంటే అవసరమైనది ప్రామాణిక బ్లాక్. అంటే చెయ్యి తిరిగినవాళ్ళు ఫిక్స్ చేసి, రెసిన్‌లో పొదిగి, మంచి చిత్రాలు వస్తాయని ముందే రూఢి చేసుకున్న బ్లాక్. చాలా ల్యాబ్‌లు ఇందుకు ఎలుక కాలేయం వాడతాయి. మైటోకాండ్రియా, గరుకు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్, గ్లైకోజెన్, కేంద్రకం, కణాల మధ్య సంధులు అన్నీ అందులో ఒకేచోట దొరుకుతాయి. అనుమతి పొందిన వేరే ప్రయోగంలో మిగిలిన కణజాలం దీనికి చాలు. కేవలం నేర్చుకోవడానికి జంతువును చంపాల్సిన పని లేదు. గట్టిపడిన ఎపాక్సీ బ్లాక్ గది ఉష్ణోగ్రతలో ఏళ్ళ తరబడి పాడవకుండా ఉంటుంది.

సిద్ధం చేసుకోవలసినవి:

☐ ప్రామాణిక బ్లాకులు నాలుగైదు
☐ వాటి నుంచి తీసిన మంచి గ్రిడ్లు కొన్ని
☐ కావాలని చెడగొట్టిన గ్రిడ్లు: మరీ మందంగా కోసినవి, లెడ్ అవక్షేపం పడినవి, గీతలు పడినవి
☐ ప్రతి ఒక్కరికీ సొంత ట్వీజర్లు, కొనలు వంగనివి
☐ గ్రిడ్ బాక్సు, ఏ గడిలో ఏముందో రాసే కాగితం
☐ బ్యాచ్ పుస్తకం (ఎందుకో 9వ భాగంలో)
☐ ఆస్మియం, యురేనియం, ఆర్సెనిక్, లెడ్ వ్యర్థాలకు వేర్వేరుగా పేరు రాసిన సీసాలు

చెడగొట్టిన గ్రిడ్లను తేలిగ్గా తీసుకోకండి. మంచి చిత్రాలు మాత్రమే చూసినవారికి చెడు చిత్రం ఎదురైతే, అది కణంలోని ఏదో కొత్త నిర్మాణమేమో అనిపిస్తుంది.

భద్రత విషయంలో రాజీ లేదు. ఆస్మియం టెట్రాక్సైడ్ (కణాల పొరలను బిగించి నల్లబరిచే రసాయనం) ఆవిరి కళ్ళకు, ఊపిరితిత్తులకు తీవ్ర హాని చేస్తుంది. సీసా మూత తీయడం దగ్గర్నుంచి వ్యర్థం పారబోయడం దాకా అంతా ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి. కకోడైలేట్ బఫర్‌లో ఆర్సెనిక్ ఉంటుంది. స్టెయినింగ్‌కు వాడే యురేనిల్ అసిటేట్ విషం, స్వల్పంగా రేడియోధార్మికం కూడా. ప్రొపిలీన్ ఆక్సైడ్ సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. గట్టిపడని ఎపాక్సీ రెసిన్ చర్మానికి తగులుతూ ఉంటే ఎలర్జీ మొదలవుతుంది, మొదలైతే మళ్ళీ పోదు. ప్రొపిలీన్ ఆక్సైడ్, అసిటోన్ నైట్రైల్ గ్లవ్స్‌లోంచి త్వరగా దిగిపోతాయి కాబట్టి చుక్క పడిన వెంటనే గ్లవ్స్ మార్చాలి.

2. మొదటి మెట్టు: చూడటం నేర్చుకోవడం

కొత్తవారికి మొదట ఇవ్వాల్సింది మంచి గ్రిడ్ ఒకటి, కంగారుపెట్టని సమయం కొంత.

1. వోల్టేజ్ 80 నుంచి 100 కిలోవోల్టుల మధ్య పెట్టుకోండి. ఇంకా పెంచితే పలుచని జీవ సెక్షన్లలో కాంట్రాస్ట్ తగ్గుతుంది. ఆబ్జెక్టివ్ అపర్చర్ (చెదిరిన ఎలక్ట్రాన్లను ఆపి కాంట్రాస్ట్ పెంచే చిన్న రంధ్రం) లోపల ఉందో లేదో చూసుకోండి. "స్టెయిన్ పట్టలేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం బయటే ఉండిపోయిన అపర్చర్.

2. తక్కువ మాగ్నిఫికేషన్‌లో బీమ్‌ను (ఎలక్ట్రాన్ల పుంజాన్ని) వెడల్పుగా పరిచి సెక్షన్‌ను కొద్ది నిమిషాలు స్థిరపడనివ్వండి. ఒక్కసారిగా బీమ్‌ను కేంద్రీకరిస్తే సెక్షన్ చిరుగుతుంది, లేదా చిత్రం జారుతూనే ఉంటుంది.

3. గ్రిడ్ మొత్తం ఒకసారి తిరిగి చూడండి. నచ్చిన కణం కనబడగానే అక్కడే ఆగిపోకండి. సెక్షన్ అంచు ఎలా ఉంది, మధ్యభాగం ఎలా ఉంది, కణజాలం లేని ఖాళీ రెసిన్ ఎలా ఉంది, ఈ మూడూ చూడాలి. తర్వాత తప్పు వెతకడానికి ఇవే ఆధారం.

4. ఆ తర్వాతే ఫోకస్, ఆస్టిగ్మాటిజమ్ (చిత్రం ఒక దిశలో సాగినట్టు మసకబారడం) సరిచేయడం.

బాగా ఫిక్స్ అయిన కణజాలంలో చూడవలసిన గుర్తులు:

☐ పొరలు తెగకుండా, సాఫీగా సాగుతాయి
☐ కేంద్రకం చుట్టూ ఉన్న రెండు పొరల మధ్య ఎడం అంతటా సమానంగా ఉంటుంది
☐ మైటోకాండ్రియా ఉబ్బవు, లోపలి పదార్థం చిక్కగా ఉంటుంది, క్రిస్టే (లోపలి పొర మడతలు) స్పష్టంగా కనిపిస్తాయి
☐ సైటోప్లాజమ్‌లో కారణం లేని తెల్లటి ఖాళీలు ఉండవు
☐ ఖాళీ రెసిన్ మీద మచ్చలు, చుక్కలు ఉండవు

తర్వాత పేరు చెప్పకుండా చెడ్డ గ్రిడ్లు ఇవ్వండి. కారణం ఊహించమని అడగొద్దు. కనబడేది మాత్రం మాటల్లో రాయమనండి: "నల్లటి గుండ్రని ముద్దలు, వేర్వేరు సైజుల్లో, కణం మీదా ఖాళీ రెసిన్ మీదా ఉన్నాయి." ఇలా రాయగలిగితే సగం పని అయినట్టే. "స్టెయినింగ్ బాగాలేదు" అని రాస్తే ఇంకొన్ని గ్రిడ్లు చూడాలి.

3. రెండో మెట్టు: గ్రిడ్ స్టెయినింగ్

ప్రామాణిక బ్లాక్ నుంచి అనుభవజ్ఞులు కోసి ఎత్తిన సెక్షన్లు ఇవ్వండి. స్టెయినింగ్ ఒక్కటే కొత్తవారు చేస్తారు.

1. 2 శాతం యురేనిల్ అసిటేట్‌ను 0.22 మైక్రోమీటర్ల ఫిల్టర్ గుండా వడకట్టి, పారాఫిల్మ్ (నీరు అంటని పలుచని మైనపు రేకు) మీద చుక్కలుగా పెట్టండి. సెక్షన్ ఉన్న వైపు కిందికి ఉండేలా గ్రిడ్‌ను చుక్క మీద తేలించండి. 10 నుంచి 20 నిమిషాలు, వెలుతురు తగలకుండా మూతపెట్టి.

2. శుద్ధజలంలో బాగా కడగండి. ట్వీజర్ల కొనల మధ్య నీరు నిలిచిపోతుంది. వడపోత కాగితం ముక్కను ఆ సందులో పెట్టి పీల్చేయండి. చాలా మరకలు అక్కడినుంచే వస్తాయి.

3. ఇంకో పెట్రీ డిష్‌లో పారాఫిల్మ్ పరిచి, చుట్టూ సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు పెట్టి, మూతవేసి కొద్ది నిమిషాలు ఆగండి. లోపలి కార్బన్ డయాక్సైడ్‌ను అవి పీల్చుకుంటాయి. ఆ తర్వాత రెనాల్డ్స్ లెడ్ సిట్రేట్ చుక్కలు వేసి, గ్రిడ్లను 3 నుంచి 5 నిమిషాలు ఉంచండి.

4. మరిగించి చల్లార్చిన నీటితో కడగండి. మామూలు నీటిలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ లెడ్‌తో కలిసి లెడ్ కార్బొనేట్ అవుతుంది. అదే తెర మీద నల్లటి ముద్దలుగా కనిపిస్తుంది.

డిష్ మూత తీసి ఉన్నంతసేపూ దాని మీదికి ఊపిరి వదలొద్దు. మాస్క్ పెట్టుకోవడం, మాట్లాడకుండా ఉండటం ఈ ఒక్క మెట్టులో నిజంగా పనికొస్తాయి.

వరుసగా రెండు విడతలు మచ్చ లేకుండా వస్తే తర్వాతి మెట్టుకు వెళ్ళవచ్చు.

4. మూడో మెట్టు: సెక్షన్లు కోయడం

ఎక్కువ ఓపిక కావలసిన మెట్టు ఇది. చెయ్యి పట్టి నేర్పాలనిపిస్తుంది, కానీ నేర్పేవారు తమ చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోవాలి. కత్తి దగ్గరికి తెచ్చే చక్రాన్ని మీరు తిప్పితే, వాళ్ళ వేళ్ళకు ఆ పని ఎప్పటికీ రాదు. ఒక్క సందర్భంలో మాత్రం జోక్యం చేసుకోండి: బ్లాక్ కత్తికి గుద్దుకోబోతున్నప్పుడు.

మొదటి రోజుల్లో గాజు కత్తి మాత్రమే ఇవ్వండి. వజ్రపు కత్తి అంచు ఒకసారి చిట్లితే తయారీదారు దగ్గరికి పంపి మళ్ళీ పదును పెట్టించాలి. గాజు కత్తి ఎప్పటికప్పుడు కొత్తది విరుచుకోవచ్చు.

1. ట్రిమ్మింగ్. బ్లాక్ ముఖాన్ని సమలంబ చతుర్భుజంలా చెక్కండి. పై అంచు, కింది అంచు కచ్చితంగా సమాంతరంగా ఉండాలి. అలా లేకపోతే సెక్షన్లు తిన్నని రిబ్బన్‌గా రావు, వంకర తిరుగుతాయి. ముఖం చిన్నదైతే కోత సులువు. మొదట్లో అర మిల్లీమీటరుకు మించనివ్వకండి.

2. మందపు సెక్షన్లు. 0.5 నుంచి 1 మైక్రోమీటర్ మందంతో కోసి, గాజు పలక మీద వేడికి ఆరబెట్టి, 1 శాతం బోరాక్స్‌లో కరిగించిన 1 శాతం టొలుయిడిన్ బ్లూతో రంగు వేయండి. మామూలు మైక్రోస్కోప్‌లో చూడండి. కావలసిన చోటు వచ్చిందా, కణజాలం బాగుందా అన్నది ఇక్కడే తేలుతుంది. ఈ మెట్టు ఎగ్గొట్టినవారు టీఈఎం ముందు గంటల తరబడి ఖాళీ రెసిన్ చూస్తారు.

3. కత్తి అమరిక. క్లియరెన్స్ కోణం (కత్తి వెనక వాలుకు, బ్లాక్ ముఖానికి మధ్య కోణం) సాధారణంగా 6 డిగ్రీలు. అయినా వజ్రపు కత్తి పెట్టె మీద రాసి ఉన్న అంకెనే వాడండి. బ్లాక్‌ను, కత్తిని బిగించే మరలన్నీ రెండోసారి తడిమి చూడండి.

4. దగ్గరికి తేవడం. కింది దీపం వెలిగిస్తే బ్లాక్ ముఖానికి, కత్తి అంచుకు మధ్య వెలుగు గీత కనిపిస్తుంది. ముఖం పైకీ కిందికీ కదిలేటప్పుడు ఆ గీత వెడల్పు మారకూడదు. ఎడమ చివర, కుడి చివర సమానంగా ఉండాలి. మారితే బ్లాక్ కోణం సరిచేయండి. గీత సన్నబడే కొద్దీ కదలిక తగ్గిస్తూ రండి. కొత్తవారి చేత ఈ ఒక్క పనే, కోత లేకుండా, పదే పదే చేయించండి.

5. నీటి మట్టం. సెక్షన్లు తేలడానికి కత్తికి అమర్చి ఉండే తొట్టిని ముందు నీటితో నిండుగా నింపి కత్తి అంచు తడిసేలా చూడండి. తర్వాత నీటి మీద వెండి రంగు మెరుపు అంచు దాకా కనిపించే వరకు కొంచెం కొంచెం తీసేయండి. నీరు ఎక్కువైతే బ్లాక్ ముఖం తడుస్తుంది, తక్కువైతే సెక్షన్లు అంచుకే అతుక్కుంటాయి.

6. కోత. వేగం సెకనుకు 1 మిల్లీమీటర్, మందం 70 నానోమీటర్లు. నీటి మీద తేలే సెక్షన్ రంగే మీ కొలబద్ద: బూడిద రంగు 60 నానోమీటర్ల కంటే తక్కువ, వెండి 60 నుంచి 90, బంగారం 90 నుంచి 150, ఊదా అంతకంటే మందం. యంత్రం చూపే అంకె కంటే ఈ రంగును నమ్మండి.

7. పరచడం, ఎత్తడం. క్లోరోఫాం తడిపిన కాగితం ముక్కను సెక్షన్ల మీదుగా, తగలకుండా, క్షణంసేపు ఆడిస్తే ముడతలు సాగుతాయి. గ్రిడ్‌తో ఎత్తేటప్పుడు పైనుంచి మెల్లగా ఆనించవచ్చు, కింది నుంచి పైకి తీయవచ్చు. ఏ పద్ధతైనా సరే, గ్రిడ్ మెరిసే వైపు వాడతారా మసక వైపు వాడతారా అన్నది ల్యాబ్ అంతటికీ ఒకే నియమంగా ఉండాలి.

కోసేటప్పుడు ఎదురయ్యేవి, చేయవలసినవి:

కత్తి అంచుకు సమాంతరంగా అలల్లాంటి పట్టీలు కనిపిస్తే అది చాటర్. మరలు బిగించండి, వేగం తగ్గించండి, ముఖం చిన్నది చేయండి. అప్పటికీ పోకపోతే కత్తి మొద్దుబారిందా, బ్లాక్ మెత్తగా ఉందా చూడండి.

కోత దిశలో నిలువు గీతలు పడితే కత్తి అంచు మీద మురికో, చిట్లిన చోటో ఉంది. కత్తిని పక్కకు జరిపి తాజా అంచుతో కోయండి.

ఒక సెక్షన్ మందంగా, తర్వాతది పలుచగా, ఆ తర్వాత అసలు రాకుండా ఉంటే ముందు ఏదో ఒకటి వదులుగా ఉందని అనుమానించండి. గదిలో గాలి, తలుపు తీయడం, బల్లకు మోచెయ్యి ఆనించడం కూడా ఇలాగే కనిపిస్తాయి.

ముఖం తడిసిపోతే ఆపండి. నీరు తగ్గించి, వడపోత కాగితంతో ముఖాన్నీ, కత్తి వెనక భాగాన్నీ ఆరబెట్టి మళ్ళీ మొదలుపెట్టండి. తడి ముఖంతో ఎంతసేపు కోసినా ఒక్క సెక్షన్ రాదు.

వజ్రపు కత్తిని శుభ్రం చేసేటప్పుడు తయారీదారు ఇచ్చిన పుల్లను అంచు వెంబడి ఒకే దిశలో జరపాలి. అంచుకు అడ్డంగా ఎన్నడూ గీయకూడదు. కోత అయ్యాక తొట్టిలో నీరు ఎండిపోనివ్వొద్దు. ఎండిన సెక్షన్ ముక్కలు అంచుకు పట్టేస్తే వదిలించడం కష్టం.

ఈ మెట్టు దాటడానికి కొలమానం: వెండి రంగు సెక్షన్లు పది, తెగని రిబ్బన్‌గా, ఒకే గ్రిడ్ మీదికి ఎక్కాలి. ఆ తర్వాతే వజ్రపు కత్తి.

5. నాలుగో మెట్టు: నీరు తీయడం, రెసిన్ పట్టించడం

ఇక్కడ సూత్రం ఒకటే: నీటి చుక్క కూడా మిగలకూడదు, కణజాలం ఎక్కడా ఎండకూడదు.

ఇథనాల్ 30, 50, 70, 90 శాతం ఒక్కొక్కటి 10 నిమిషాలు. తర్వాత 100 శాతం మూడుసార్లు. ఆ తర్వాత ప్రొపిలీన్ ఆక్సైడ్ రెండుసార్లు 10 నిమిషాల చొప్పున. 100 శాతం ఇథనాల్ అంటే కొత్తగా తెరిచిన సీసా, లేదా మాలిక్యులర్ సీవ్ (నీటిని పీల్చే గుళికలు) వేసి ఉంచినది. రోజూ పదిమంది మూత తీసే సీసాలోది 100 శాతం కాదు. పాతది పారేసి కొత్తది పోసేలోగా కణజాలం గాలికి ఎండిపోతే ఆ నమూనా పోయినట్టే. అడుగున కొంచెం వదిలి మార్చండి.

రెసిన్, ప్రొపిలీన్ ఆక్సైడ్ ఒకటికి ఒకటి చొప్పున కలిపి రెండు గంటలు. తర్వాత రెసిన్ మూడు పాళ్ళు, ప్రొపిలీన్ ఆక్సైడ్ ఒక పాలు కలిపి రాత్రంతా, మెల్లగా తిరిగే రొటేటర్ మీద. మర్నాడు స్వచ్ఛమైన రెసిన్ మూడుసార్లు, ప్రతిసారీ రెండు మూడు గంటలు. తర్వాత అచ్చుల్లో పెట్టి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 48 గంటలు.

రెసిన్ భాగాలను బరువు తూచి కలపండి. సిరంజి గీతల లెక్క నమ్మకమైనది కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా తెరవొద్దు, లేకపోతే గాలిలోని తేమ లోపల చేరుతుంది. యాక్సిలరేటర్ (రెసిన్ గట్టిపడటాన్ని వేగవంతం చేసే భాగం) వేశాక అడుగు, అంచులు తగిలేలా బాగా కలపాలి, నురగ రాకుండా.

అచ్చులో వేసే కాగితం చీటీ మీద పెన్సిల్‌తో రాయండి, లేదా లేజర్ ప్రింట్ తీసింది పెట్టండి. పెన్ను సిరా రెసిన్‌లో కరిగిపోతుంది.

బ్లాక్ మెత్తగా వస్తే కొత్తవారు మరో రెండు రోజులు ఓవెన్‌లో పెడతారు. యాక్సిలరేటర్ తక్కువ పడితే అది కొంత పనిచేస్తుంది. ప్రొపిలీన్ ఆక్సైడ్ మిగిలిపోయినా, తేమ చేరినా, పాళ్ళు తప్పినా పనిచేయదు. కణజాలం లేని రెసిన్ బ్లాక్ ఒకటి ప్రతి బ్యాచ్‌తోనూ చేసిపెట్టండి. అదీ మెత్తగా ఉంటే తప్పు రెసిన్ కలపడంలో. అది గట్టిగా ఉండి కణజాలం చుట్టూ మాత్రమే మెత్తగా ఉంటే తప్పు నీరు తీయడంలోనో, రెసిన్ పట్టించడంలోనో.

6. ఐదో మెట్టు: ఫిక్సేషన్, ఆస్మియం

ఇక్కడ చెడినదాన్ని తర్వాతి ఏ మెట్టూ బాగుచేయలేదు. అందుకే దీన్ని చివరికి ఉంచాను: చేసే సమయానికి మిగతా అన్నీ చేతికి వచ్చి ఉండాలి, ఎలాంటి ఫలితం రావాలో కంటికి తెలిసి ఉండాలి.

100 మిల్లీలీటర్ల ఫిక్సేటివ్‌కు కొలతలు:

- 25 శాతం గ్లూటరాల్డిహైడ్: 10 మిల్లీలీటర్లు
- 16 శాతం ఫార్మాల్డిహైడ్, మిథనాల్ లేనిది: 12.5 మిల్లీలీటర్లు
- 0.2 మోలార్ బఫర్, పీహెచ్ 7.4: 50 మిల్లీలీటర్లు
- శుద్ధజలం: 27.5 మిల్లీలీటర్లు

ఇలా కలిపితే 0.1 మోలార్ బఫర్‌లో 2.5 శాతం గ్లూటరాల్డిహైడ్, 2 శాతం ఫార్మాల్డిహైడ్ వస్తాయి. ఫార్మాల్డిహైడ్ వేగంగా లోపలికి వెళ్తుంది, గ్లూటరాల్డిహైడ్ మెల్లగా వెళ్ళినా గట్టిగా బిగిస్తుంది. రెండూ కలిపి వాడేది అందుకే.

సీలు వేసిన ఆంప్యూల్స్‌లో వచ్చే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ కోసమే తయారైన గ్లూటరాల్డిహైడ్ కొనండి. పసుపు రంగుకు తిరిగినది వాడొద్దు. బఫర్‌గా ట్రిస్ పనికిరాదు, అందులోని అమైన్ ఆల్డిహైడ్‌తో చర్య జరుపుతుంది. బజారు ఫార్మలిన్ కూడా వద్దు, దానిలో నిలవ కోసం మిథనాల్ కలుపుతారు.

1. కణజాలాన్ని తీసిన వెంటనే ఫిక్సేటివ్ చుక్కలోనే ఉంచి, కొత్త బ్లేడుతో కోయండి. కనీసం ఒక వైపు కొలతైనా 1 మిల్లీమీటరు లోపు ఉండాలి. చాలా వైఫల్యాలకు ఇదొక్కటే కారణం. నొక్కకుండా, లాగుతూ కోయాలి. ట్వీజర్లతో గట్టిగా పట్టుకున్న చోటు చిత్రాల్లో నలిగినట్టే కనిపిస్తుంది.

2. కణజాలానికి కనీసం పది రెట్ల పరిమాణంలో ఫిక్సేటివ్. గది ఉష్ణోగ్రతలో రెండు గంటలు, తర్వాత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా.

3. ఆకు ముక్కలైతే తేలుతుంటాయి. తేలికపాటి వాక్యూమ్‌లో గాలి తీసి, మునిగేదాకా ఉంచండి. విడి కణాలైతే ఫిక్స్ చేశాక తక్కువ ఉష్ణోగ్రతకు కరిగే అగరోజ్‌లో బిగించి చిన్న ఘనాలుగా కోయండి.

4. బఫర్‌లో మూడుసార్లు, 10 నిమిషాల చొప్పున కడగండి. గ్లూటరాల్డిహైడ్ మిగిలితే ఆస్మియంతో కలిసి సన్నటి నల్లటి పొడి తయారవుతుంది.

5. 1 శాతం ఆస్మియం టెట్రాక్సైడ్, బఫర్‌లో, ఒక గంట. పొరలు ఇంకా స్పష్టంగా కావాలంటే 1.5 శాతం పొటాషియం ఫెర్రోసయనైడ్ కలపవచ్చు. కణజాలం నల్లబడుతుంది. అడ్డంగా కోసి చూస్తే మధ్యలో లేత రంగు మిగిలి ఉంటే ముక్క పెద్దదని అర్థం.

6. నీటితో బాగా కడిగి, 1 శాతం యురేనిల్ అసిటేట్ నీటి ద్రావణంలో గంటసేపు, చీకట్లో. మీరు వాడినది ఫాస్ఫేట్ బఫర్ అయితే కడగడంలో తొందరపడొద్దు. ఫాస్ఫేట్, యురేనిల్ కలిస్తే అవక్షేపం ఖాయం.

7. మళ్ళీ నీటితో కడిగి 5వ భాగంలోకి వెళ్ళండి.

మిగిలిన ఆస్మియం ద్రావణాన్ని మొక్కజొన్న నూనెతో నిర్వీర్యం చేయవచ్చు. 2 శాతం ద్రావణానికి రెండింతల నూనె పడుతుంది. నూనె నల్లబడ్డాక ఆస్మియం వ్యర్థాల సీసాలో పోయాలి.

7. రెసిన్ అవసరం లేని రెండు పద్ధతులు

నెగటివ్ స్టెయినింగ్. వైరస్‌లు, ప్రోటీన్ సముదాయాలు, వెసికిల్స్ (పొరతో చుట్టిన చిన్న సంచులు) చూడటానికి. కార్బన్ పూసిన గ్రిడ్‌ను అప్పటికప్పుడు గ్లో డిశ్చార్జ్ చేసి (విద్యుత్ ఉత్సర్గంతో ఉపరితలం నీటిని పట్టుకునేలా చేసి), 3 నుంచి 5 మైక్రోలీటర్ల నమూనా వేసి, నిమిషం ఆగి, వడపోత కాగితంతో పక్కనుంచి పీల్చండి. రెండు నీటి చుక్కల మీద కడిగి, 1 నుంచి 2 శాతం యురేనిల్ అసిటేట్ చుక్క మీద అర నిమిషం ఉంచి, పీల్చి ఆరబెట్టండి. ఫాస్ఫేట్, గ్లిజరాల్, చక్కెర, డిటర్జెంట్ ఎక్కువ ఉన్న నమూనాలే ఇక్కడ ఇబ్బంది పెడతాయి. ముందే బఫర్ మార్చుకోండి. రేణువులు ముద్దలుగా కనిపిస్తే పది రెట్లు పలుచన చేసి మళ్ళీ చూడండి.

ఎస్ఈఎం. ఫిక్సేషన్, నీరు తీయడం పైన చెప్పినట్టే. తర్వాత కార్బన్ డయాక్సైడ్‌తో క్రిటికల్ పాయింట్ డ్రయింగ్, అంటే ద్రవానికీ వాయువుకూ తేడా లేని స్థితి గుండా తీసుకెళ్ళి ఆరబెట్టడం. కార్బన్ డయాక్సైడ్ క్రిటికల్ పాయింట్ 31 డిగ్రీల సెల్సియస్, సుమారు 74 బార్ దగ్గర ఉంటుంది. ఛాంబర్‌లో ఇథనాల్ మిగలకుండా ద్రవ కార్బన్ డయాక్సైడ్‌ను చాలినన్నిసార్లు మార్చడం, చివర్లో పీడనాన్ని మెల్లగా వదలడం, ఈ రెండింటి మీదే ఫలితం ఉంటుంది. చిత్రంలో మెరుపులు, చారలు వస్తే చార్జింగ్ (నమూనా మీద విద్యుదావేశం పేరుకోవడం): లోహపు పూత పెంచడం కంటే ముందు నమూనా స్టబ్‌కు (దాన్ని నిలిపే లోహపు దిమ్మెకు) సరిగ్గా అంటి ఉందో లేదో చూడండి.

8. తెర మీద కనబడినదాని నుంచి వెనక్కి వెళ్ళడం

ఊహలకు పోకుండా మూడు పోలికలు చేయండి.

మొదటిది: అదే బ్లాక్ నుంచి స్టెయిన్ చేయని గ్రిడ్. నల్ల చుక్కలు దానిలోనూ ఉంటే తప్పు గ్రిడ్ స్టెయినింగ్‌కు ముందే జరిగింది. లేకపోతే గ్రిడ్ స్టెయినింగ్‌లో.

రెండోది: కణజాలం, ఖాళీ రెసిన్. మచ్చలు రెండింటి మీదా ఉంటే కోశాక వచ్చినవి. కణజాలంలో మాత్రమే ఉంటే రెసిన్‌కు ముందు వచ్చినవి.

మూడోది: ముక్క అంచు, మధ్యభాగం. అంచు బాగుండి లోపల మైటోకాండ్రియా ఉబ్బి ఉంటే ముక్క పెద్దది. అంతటా ఉబ్బి ఉంటే ఫిక్సేటివ్ సాంద్రత, పీహెచ్, లేదా కణజాలం తీసి ఫిక్సేటివ్‌లో వేసేలోగా జరిగిన ఆలస్యం.

కణజాలం ఉన్నచోట కన్నాలు పడితే, లేదా ముక్క సెక్షన్ నుంచి ఊడిపోతే రెసిన్ లోపలికి వెళ్ళలేదు. సూదుల్లాంటి స్ఫటికాలు యురేనిల్ అసిటేట్‌వి, గుండ్రని నల్ల ముద్దలు లెడ్‌వి.

కారణం దొరికిందనుకున్నాక ఒక్క విషయమే మార్చి మళ్ళీ చేయండి. నమూనాను రెండు భాగాలు చేసి, సగం పాత పద్ధతిలో, సగం కొత్త పద్ధతిలో నడపండి. మూడు మార్పులు ఒకేసారి చేసి మంచి చిత్రం సాధించినవారు, ఏ మార్పు పనిచేసిందో ఇంకొకరికి చెప్పలేరు.

9. ఇంకొకరు చేయగలిగేలా రాయడం

"కణజాలాన్ని బఫర్‌తో కడగాలి" అని రాస్తే అది అప్పటికే తెలిసినవారికి మాత్రమే పనికొస్తుంది. ఇలా రాయండి: "0.1 మోలార్ కకోడైలేట్, పీహెచ్ 7.4, మూడుసార్లు, 10 నిమిషాల చొప్పున. గ్లూటరాల్డిహైడ్ పూర్తిగా పోవడానికి. ఎక్కువసేపు ఉన్నా నష్టం లేదు, తగ్గించకూడదు." అంటే ప్రతి మెట్టుకూ ఏమిటి, ఎంత, ఎందుకు, ఎంతవరకు సడలించవచ్చు అన్న నాలుగూ ఉండాలి. నాలుగోదే అందరూ మరిచిపోతారు, చేసేవారికి అదే అన్నిటికంటే అవసరం.

ఆగగలిగే చోట్లు కూడా రాయండి. ఫిక్సేషన్ తర్వాత బఫర్‌లో, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆగవచ్చు. అవసరమైతే 70 శాతం ఇథనాల్‌లో రాత్రికి ఆగవచ్చు. ఆస్మియంలో, 100 శాతం ఇథనాల్‌లో, ప్రొపిలీన్ ఆక్సైడ్‌లో ఆగకూడదు.

బ్యాచ్ పుస్తకంలో చేయాలనుకున్నది కాకుండా నిజంగా చేసినది రాయాలి. ప్రోటోకాల్‌లో గంట ఉండి, మీరు గంటన్నర ఉంచితే గంటన్నర అనే రాయండి.

☐ నమూనా కోడ్, తేదీ, చేసినవారి పేరు
☐ ప్రతి రసాయనం లాట్ నంబర్, తెరిచిన తేదీ
☐ బఫర్ పీహెచ్, కలిపిన రోజు మీటర్ చూపినది
☐ ప్రతి మెట్టు మొదలైన, ముగిసిన సమయం
☐ ప్రోటోకాల్ ఏ సంచిక, దాని నుంచి ఎక్కడ తప్పుకున్నారు
☐ బ్లాక్ కోడ్, గ్రిడ్ బాక్సు, గడి
☐ చిత్రం ఫైల్ పేరు, వోల్టేజ్, మాగ్నిఫికేషన్, పిక్సెల్ సైజు

చిత్రాల మూల ఫైళ్ళను కెమెరా ఇచ్చిన రూపంలోనే దాచండి. కాంట్రాస్ట్ సవరించిన జేపెగ్ మాత్రమే మిగిలితే కొలతలకు పనికిరాదు.

రాసిన ప్రోటోకాల్‌ను పరీక్షించే మార్గం ఒకటుంది. ఆ పని ఎప్పుడూ చేయని ల్యాబ్ సభ్యుల చేతికి కాగితం ఇచ్చి, రాసినవారు పక్కన నోరు మెదపకుండా కూర్చోవాలి. ప్రమాదం ఉన్నచోట తప్ప మాట్లాడకూడదు. వాళ్ళు అడిగే ప్రతి ప్రశ్నా ప్రోటోకాల్‌లో లేని ఒక వాక్యం. అదే రోజు చేర్చి, కొత్త సంచిక నంబర్, తేదీ వేసి, పాత కాగితాలను బల్లల మీది నుంచి తీసేయండి.

10. ల్యాబ్‌లో పంచుకోవడం, సహాయం అడగడం

ఒక్క మనిషి చేతిలోనే ఉన్న నైపుణ్యం ఆ మనిషితోనే వెళ్ళిపోతుంది. అందుకే నేర్చుకున్నవారు, మరిచిపోకముందే ఇంకొకరికి నేర్పాలన్న నియమం పెట్టుకోండి. మూడో మెట్టు దాటినవారు రెండో మెట్టులో ఉన్నవారికి స్టెయినింగ్ నేర్పవచ్చు. ఈమధ్యే నేర్చుకున్నవారికి కొత్తవారి తడబాటు ఎక్కడుంటుందో బాగా తెలుసు.

తప్పుల ఆల్బమ్ ఒకటి నడపండి. ప్రతి చెడ్డ చిత్రం పక్కన మూడు వరుసలు: ఏం కనిపించింది, కారణం ఎలా రుజువైంది, ఏం మార్చితే పోయింది. రుజువు కానప్పుడు "అనుమానం" అని స్పష్టంగా రాయాలి. ఎవరి నమూనా అన్నది రాయొద్దు. పేరు పడుతుందంటే ఎవరూ చెడ్డ చిత్రం తీసుకురారు, ఆల్బమ్ ఖాళీగానే ఉంటుంది.

వేరే ల్యాబ్ వారిని సహాయం అడిగేటప్పుడు కింది వివరాలన్నీ మొదటిసారే పంపండి. ఇవి లేకుండా వచ్చే సలహాలు ఊహలే అవుతాయి.

☐ నమూనా ఏమిటి, ముక్క సైజు ఎంత
☐ ఫిక్సేటివ్, బఫర్, పీహెచ్, సమయాలు, నిజంగా చేసినవి
☐ రెసిన్ పేరు, గట్టిపరచిన ఉష్ణోగ్రత, గంటలు
☐ తక్కువ మాగ్నిఫికేషన్ చిత్రం ఒకటి, ఎక్కువది ఒకటి, రెండింటి మీదా స్కేల్ బార్
☐ స్టెయిన్ చేయని గ్రిడ్ చిత్రం
☐ ఇదే పద్ధతిలో ప్రామాణిక కణజాలం ఎలా వచ్చింది
☐ ఇప్పటికే ఏమేం మార్చి చూశారు

సమాధానం పనిచేస్తే, సలహా ఇచ్చినవారికి ఫలితం చిత్రంతో సహా తిరిగి పంపండి. పనిచేయకపోయినా పంపండి. వాళ్ళ ఆల్బమ్‌లోనూ "అనుమానం" అన్నచోట ఒక రుజువు చేరుతుంది.